మన చేతిలో గజంబద్ద
(పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

పోయిన నెల ఒక జవాబు మధ్యలో 'ఎత్నోసెంట్రిజం' అన్న మాట వాడి, అర్థం చెప్పకుండా దాటేశాను. ముప్పై ఏళ్లు మానవశాస్త్రం పాఠాలు చెప్పినవాళ్లకు పట్టుకునే దురలవాటు ఇది. ఎదురుగా కూర్చున్నవాళ్లంతా నిన్నటి క్లాసు వినే వచ్చారనుకుంటాం. ఫలితం, నా బల్ల మీద ఈ ఉత్తరాల కట్ట. పెళ్లి సంబంధాల ప్రశ్నలూ ఆస్తి తగాదాలూ వచ్చే నెలకు వాయిదా వేశాను, క్షమించాలి.

*

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ రెండో ఏడాది సోషియాలజీ చదువుతున్నాను. మీరన్న ఎత్నోసెంట్రిజాన్ని మా పుస్తకంలో 'స్వజాతి కేంద్రవాదం' అన్నారు. బట్టీ పట్టాను గానీ బుర్రకెక్కలేదు. మన సంస్కృతిని మనం ప్రేమించడం తప్పా? ఇదీ జాత్యహంకారమూ ఒకటేనా?
(ఒక విద్యార్థిని)

జవాబు: ప్రేమించడం తప్పెలా అవుతుందమ్మా? కాకిపిల్ల కాకికి ముద్దు. అక్కడితో ఆగితే ఎవరికీ ఇబ్బంది లేదు. ఆ కాకి ఎగిరి వెళ్లి చిలక గూటి ముందు వాలి, "అయ్యో, మీ పిల్లకు జబ్బేమైనా చేసిందా? నల్లగా లేదేం?" అని జాలిపడిందనుకో, అదీ నువ్వు బట్టీ పట్టిన మాటకు అర్థం. తన పిల్లను మెచ్చుకోవడం దగ్గర కాకి తప్పేమీ లేదు. లోకంలో పిల్ల అన్నది నల్లగానే ఉండాలనుకుంది చూడు, అక్కడొచ్చింది చిక్కు.

ఈ పదాన్ని బాగా వాడుకలోకి తెచ్చినవాడు విలియం గ్రాహం సమ్నర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త, 1906లో. తన గుంపును అన్నిటికీ నడిమధ్యన నిలబెట్టుకుని, మిగతావాళ్లందరికీ దాన్నిబట్టి ఎక్కువ తక్కువలు కట్టే చూపు అని ఆయన చెప్పిన అర్థం. నేను క్లాసులో గజంబద్ద అనేదాన్ని. గుడ్డ కొలిచేవాడి చేతిలో గజంబద్ద ఉంటుంది. వాడు గుడ్డను చూస్తాడు, బద్దను చూడడు.

జాత్యహంకారం దీనికి దగ్గర చుట్టమే గానీ వేరే మనిషి. అది "నువ్వు పుట్టుకతోనే తక్కువ, ఇక నీకు మందు లేదు" అంటుంది. ఇదేమో "నువ్వూ నాలా మారిపోతే మంచివాడివే" అంటుంది. వినడానికి రెండోది ఎంత దయగా ఉందో చూశావా? అందుకే దాన్ని పట్టుకోవడం కష్టం.

ఒక పని చెయ్యి. నీకు తెలిసినవాళ్లను నలుగురిని అడుగు, "మీ మాటలో యాస ఉందా?" అని. లేదనే అంటారు. యాస ఎప్పుడూ ఎదుటివాడికే ఉంటుంది. పాతకాలపు గ్రీకులకు పరాయి భాష 'బర్ బర్' అని వినపడేదట. అందులోంచి పుట్టిన 'బార్బరోస్' అన్న మాటే ఇంగ్లీషులోకి వచ్చేసరికి 'అనాగరికుడు' అయింది. రష్యన్లు జర్మన్‌ను పిలిచే మాటకు మూలం 'మూగ' అన్న అర్థంలో ఉంది. పాపం ఆ జర్మన్ గడగడా మాట్లాడుతూనే ఉన్నాడు. అంతేకాదు, ఉత్తర ధ్రువం దగ్గరుండే ఇన్యూట్‌లు తమకు తాము పెట్టుకున్న ఆ పేరుకు వాళ్ల భాషలో 'మనుషులు' అని అర్థం. మనుషులంటే మనమే, తక్కినవాళ్ల సంగతి తర్వాత చూద్దాం అన్నమాట. ఇలాంటి పేర్లున్న జాతులు ఇంకా చాలా ఉన్నాయి.

*

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి వేరే దేశపు అమ్మాయిని చేసుకున్నాడు. పిల్ల మంచిదే. కానీ మంచినీళ్లిస్తే థాంక్స్, తువ్వాలు అందిస్తే థాంక్స్. హోటల్లో సర్వరుకు చెప్పినట్టు చెబుతుంది. నేనేమైనా పరాయిదాన్నా? ఈ మాట అబ్బాయితో అంటే "అమ్మా, నీది ఎత్నోసెంట్రిజం" అన్నాడు. తిట్టాడా, జబ్బు పేరు చెప్పాడా?
(ఒక అత్తగారు)

జవాబు: తిట్టలేదు లెండి. చెప్పింది నిజమే, కాకపోతే తల్లికి చెప్పే తీరులో చెప్పలేదు.

కొందరి లెక్కలో అయినవాళ్ల మధ్య థాంక్స్ అంటే ఖాతా మూసేసినట్టు. నీ సాయానికి బదులు ముట్టింది, ఇక నువ్వెవరో నేనెవరో అన్నట్టు వినపడుతుంది. ఇంకొందరి లెక్కలో ఆ మాట చెప్పకపోతే ఎదుటివాళ్ల శ్రమ కంటికి ఆననట్టు. ఎంత దగ్గరివాళ్లయితే అంత తప్పనిసరిగా చెప్పాలి. మీరు మొదటి లెక్కలో పెరిగారు, ఆ పిల్ల రెండో లెక్కలో పెరిగింది. ఆమె వాళ్లమ్మకు ఫోన్ చేసి, "ఇన్నాళ్లయింది, అత్తగారు నాకు ఒక్కసారి కూడా థాంక్స్ చెప్పలేదు, నేనంటే ఇష్టం లేదేమో" అంటుందేమో ఎవరికి తెలుసు? మీ ఇద్దరి బాధా ఒకటే. ఒకరికి ఎక్కువై, ఒకరికి తక్కువై.

మీకు బుద్ధులు చెప్పే అర్హత నాకు లేదని కూడా ఒప్పుకుంటాను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో స్టాఫ్ రూములో నా పక్క కుర్చీ ఆయనది వేరే ప్రాంతం, వేరే మతం. వాళ్ల నాన్నగారు పోతే పలకరించడానికి వెళ్లాను. ఇంట్లో ఏడుపు లేదు. పోయినాయన చిన్నప్పుడు చేసిన చిలిపి పనులు ఒకరి తర్వాత ఒకరు చెప్పుకుంటున్నారు, నవ్వుతున్నారు కూడా. ఇంటికొచ్చి మావారితో, "ఏం మనుషులండీ, కన్నతండ్రి పోతే కంటతడి లేదు" అన్నాను. ఆ వారం నేను క్లాసులో చెబుతున్న పాఠం ఏమిటో తెలుసా? మరణ సంస్కారాలు, సంస్కృతుల మధ్య తేడాలు!

నాలుగేళ్ల తర్వాత మా అమ్మ పోయింది. ఆయన వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు. లోపల మా పిన్నులూ మేనత్తలూ గుండెలు బాదుకుంటున్నారు. నన్ను పక్కకు పిలిచి చాలా మెల్లగా, "మేడమ్, డాక్టర్ని తీసుకురమ్మంటారా?" అన్నాడు. అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది. తర్వాత సిగ్గేసింది. ఆయనకు మేం వింతగా కనపడి ఉంటాం. అయినా ఇంటికెళ్లి వాళ్లావిడతో నేనన్నలాంటి మాట అని ఉంటాడని మాత్రం అనిపించదు. డాక్టరు కావాలా అని అడిగిన మనిషి ఆయన.

ఈ చావు గొడవ కొత్తదేమీ కాదు. రెండున్నర వేల ఏళ్ల కిందటి గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ ఒక సంగతి రాశాడు. పారశీక చక్రవర్తి దారయవహుషుడు, పుస్తకాల్లో డేరియస్ అంటారే, ఆయన తన కొలువులో ఉన్న గ్రీకులను పిలిచి, "ఎంతిస్తే మీ తండ్రుల శవాలను తింటారు?" అని అడిగాడట. ఎంతిచ్చినా తినమన్నారు. ఆ తర్వాత, చనిపోయిన తల్లిదండ్రులను తినే ఆచారం ఉన్న కల్లాటియన్లను పిలిపించి, గ్రీకులు వింటుండగానే, "ఎంతిస్తే ఈ గ్రీకుల్లా మీ తండ్రుల శవాలను కాల్చేస్తారు?" అన్నాడు. వాళ్లు చెవులు మూసుకున్నంత పని చేసి, అంత ఘోరమైన మాట అనొద్దని కేకలు పెట్టారట. ఆ కల్లాటియన్లు ఇండియన్లని రాశాడు హెరొడోటస్. దూరంగా ఉన్నవాళ్ల గురించి ఏదైనా రాసేయొచ్చన్నది కూడా ఈ జబ్బులో ఒక లక్షణమే, అది వేరే సంగతి. రెండు వైపులవాళ్లూ తండ్రిని గౌరవిస్తున్నామనే అనుకున్నారు, అది గమనించండి.

మీ కోడల్ని థాంక్స్ మానెయ్యమని మాత్రం చెప్పకండి. తీరిగ్గా ఉన్నప్పుడు, "మీ ఇంట్లో ఎవరెవరికి చెప్పుకుంటారు, చెప్పకపోతే ఏమనుకుంటారు?" అని అడగండి. మీకు ఆ మాట ఎలా వినపడుతోందో కూడా చెప్పండి. మీ అబ్బాయిని ఆ సమయంలో బజారుకు పంపెయ్యండి.

*

ప్రశ్న: ప్రపంచ పటంలో ఉత్తరం ఎప్పుడూ పైనే ఎందుకుంటుంది?
(ఎనిమిదో తరగతి)

జవాబు: ఉండి తీరాలన్న రూలేమీ లేదు నాన్నా. భూమికి పైన, కింద అనేవి లేవు. 1154లో అల్ ఇద్రీసీ అనే అరబ్ పండితుడు సిసిలీ రాజుకు గీసిచ్చిన పటంలో దక్షిణం పైనుంది. మీ ఇంట్లో పటాన్ని ఒక రోజు తలకిందులుగా వేలాడదీసి, చూసినవాళ్లు ఏమంటారో రాసి పంపు. "తప్పుగా పెట్టావు" అనే అంటారు, పందెం.

*

ప్రశ్న: ఇది పాశ్చాత్యుల జబ్బు కదండీ. వసుధైవ కుటుంబకం అన్న మనకు దీన్ని అంటగట్టడం న్యాయమా?
(ఒక రిటైర్డ్ ఉద్యోగి)

జవాబు: తన దగ్గర ఈ జబ్బు లేదనుకోవడం దీనికి మొదటి లక్షణం. మీ మీద విసురు కాదు, అన్ని దేశాల్లోనూ ఇదే ప్రశ్న ఇదే నమ్మకంతో అడుగుతారు.

పాశ్చాత్యుల సంగతి ముందు చూద్దాం. 1835 ఫిబ్రవరిలో మెకాలే రాసిన నివేదిక మీకు గుర్తుండే ఉంటుంది. ఒక మంచి ఐరోపా గ్రంథాలయంలో ఒక్క అల్మారా అర, భారత అరబ్బు దేశాల సాహిత్యం మొత్తానికి సాటి అన్నాడు. మన ఉపన్యాసకులు దీన్ని తరచుగా చెబుతారు గానీ అదే నివేదికలో ఉన్న ఇంకో వాక్యం ఎవరూ చెప్పరు. తనకు సంస్కృతమూ రాదు, అరబ్బీ రాదు అని ఆయనే ఒప్పుకున్నాడు. కొన్ని అనువాదాలు చదివాడట, చదివినవాళ్లతో మాట్లాడాడట. దానితోనే తూకం వేసేశాడు.

ఆయనకు ఎనిమిది వందల ఏళ్ల ముందు అల్ బిరూనీ వచ్చాడు. మధ్య ఆసియాలోని ఖ్వారెజ్మ్‌లో పుట్టినవాడు. సంస్కృతం నేర్చుకుని, పండితుల దగ్గర కూర్చుని, 1030 ప్రాంతంలో మన గురించి పెద్ద గ్రంథం రాశాడు. ఆయన ఏమన్నాడంటే, తమ దేశం లాంటి దేశం, తమ రాజుల్లాంటి రాజులు, తమ శాస్త్రాల లాంటి శాస్త్రాలు ఇంకెక్కడా లేవని వీళ్ల నమ్మకం, తమకు తెలిసింది పరాయివాడికి చెప్పరు అన్నాడు. వీళ్ల పూర్వీకులు ఇంత ఇరుకుగా ఉండేవాళ్లు కాదని కూడా అన్నాడు. దానికి సాక్ష్యంగా మన వరాహమిహిరుణ్నే చూపించాడు. యవనులు, అంటే గ్రీకులు, మ్లేచ్ఛులే అయినా ఖగోళశాస్త్రంలో దిట్టలు, కనుక ఋషుల్లా పూజించాలి అని వరాహమిహిరుడు రాశాడు. మ్లేచ్ఛుడు అన్న మాటకు మొదటి అర్థం 'స్పష్టంగా మాట్లాడలేనివాడు'. పైన గ్రీకుల 'బర్ బర్' గురించి చెప్పాను కదా, ఇదీ అదే.

అల్ బిరూనీ మీద నాకు గౌరవం ఇంకో మాట వల్ల. పరాయివాళ్లను చిన్నచూపు చూడటం వీళ్లకే కాదు, మాకూ ఉంది, అన్ని జాతుల మధ్యా ఉంది అని ఆయన తన వైపు కూడా వేలు చూపించుకున్నాడు. గజంబద్ద తన చేతిలోనూ ఉందని చూసుకున్నవాళ్లు చరిత్రలో తక్కువ.

మరో సంగతి. మెకాలే చదువు వంటబట్టాక మనలో కొందరికి దీనికి సరిగ్గా తిరగేసిన జబ్బు పట్టుకుంది. పొరుగింటి పుల్లకూర రుచి. బయట నుంచి వచ్చినదేదైనా గొప్ప, ఇంట్లోది నామోషీ. దానికీ శాస్త్రంలో ఒక పేరుంది గానీ మన సామెతే బాగుంది.

*

ప్రశ్న: ఎవరి గొప్ప వాళ్లు చెప్పుకుంటారు, మహా అయితే మనస్పర్థలొస్తాయి. దీనివల్ల సమాజానికి నిజంగా పెద్ద నష్టం ఉందంటారా?
(ఒక ఉపాధ్యాయుడు)

జవాబు: ఇరుగుపొరుగు మధ్య ఉన్నంతవరకు మీరన్నట్టు మనస్పర్థలే. గజంబద్ద పట్టుకున్నవాడి రెండో చేతిలో చట్టం కూడా ఉంటే కథ మారిపోతుంది. ఒక్క ఉదాహరణే చెబుతాను, కాస్త వివరంగా.

కెనడా పసిఫిక్ తీరంలో క్వక్వకవక్వ్ మొదలైన ఆదివాసులకు 'పోట్లాచ్' అని ఒక పెద్ద వేడుక ఉంది. పేరు పెట్టినా, పెళ్లి చేసినా, పెద్దాయన పోయి వారసుడికి హోదా వచ్చినా, అందరినీ పిలిచి అతిథులకు విరివిగా కానుకలు పంచేవాళ్లు. ఎంత పంచితే అంత పరువు. బయటి నుంచి వచ్చిన అధికారులూ మత ప్రచారకులూ చూసి బిత్తరపోయారు. కూడబెట్టినవాడు బుద్ధిమంతుడు, పంచేసినవాడు దుబారా మనిషి అన్నది వాళ్ల కొలత. ఈ జనం బాగుపడాలంటే ముందు ఈ పిచ్చి మాన్పించాలనుకున్నారు. 1884లో చట్టం చేసి, మరుసటి ఏడాది నుంచి నిషేధం అమలు చేశారు. వేడుక చేసినా, చేయమని ప్రోత్సహించినా జైలే.

వాళ్లకు అర్థం కానిదేమిటంటే, ఆ కానుకలు దానధర్మాలు కావు. రాతపత్రాలు లేని సమాజం అది. ఫలానా పేరు, ఫలానా చేపల రేవు మీద హక్కు, ఫలానా నృత్యం ఎవరి వంశానిదో అందరి ముందూ చాటుతారు. విన్నవాళ్లు సాక్షులు. కానుక తీసుకున్నారంటే సాక్ష్యానికి ఒప్పుకున్నట్టు. అంటే అది వేడుకా, రిజిస్ట్రారు ఆఫీసూ, కోర్టూ కలిసిన చోటు. దుబారా ఆపామనుకున్నవాళ్లు ఆ జనం రికార్డు గదికి తాళం వేశారు. 1921లో దొంగచాటుగా జరిగిన ఒక పెద్ద పోట్లాచ్ మీద కేసులు పెట్టి మనుషులను జైలుకు పంపారు. వాళ్ల ముఖకవచాలు, రాగి ఫలకాలు స్వాధీనం చేసుకుని మ్యూజియంలకు తరలించారు. చట్టంలోంచి ఆ నిషేధం 1951లో గానీ పోలేదు. ఆ వస్తువులు కొన్ని తిరిగి ఇంటికి చేరడానికి మరో పాతికేళ్లు పైనే పట్టింది.

అదే దేశంలో, అదే దయతో, ఆదివాసీ పిల్లలను ఇళ్ల నుంచి తీసుకెళ్లి బోర్డింగు బడుల్లో పెట్టారు. దాదాపు 1,50,000 మంది పిల్లలు. జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడితే దండించి 'నాగరికులను' చేయాలని చూశారు. ఎందరో పిల్లలు తిరిగి ఇల్లు చేరలేదు. 2008లో ప్రధానమంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. 2015లో విచారణ కమిషన్ దీనికి 'సాంస్కృతిక జాతిహననం' అని పేరు పెట్టింది. మీరు ఉపాధ్యాయులు కనుక ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. ఆ బడుల్లో పనిచేసినవాళ్లంతా రాక్షసులేమీ కాదు. చాలామంది తాము మేలు చేస్తున్నామనే నమ్మారు. నన్ను భయపెట్టేది అదే.

*

ప్రశ్న: చదువు పెరిగితే ఇది దానంతటదే పోతుంది కదా?
(పేరు రాయలేదు)

జవాబు: పోదు. బాగా చదువుకున్నవాళ్ల గజంబద్ద ఇంకా నున్నగా ఉంటుంది, అంతే. రెండు వైపులా బాణం గుర్తులున్న సమానమైన గీతలు చూసే ఉంటారు. బాణం రెక్కలు గీత మీదికి మడిచి ఉంటే గీత పొట్టిగా, బయటికి విచ్చుకుని ఉంటే పొడుగ్గా కనిపిస్తుంది. మనిషి కన్ను ఇలాగే పనిచేస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు ధీమాగా ఉండేవాళ్లు. 1960లలో రకరకాల సమాజాల్లో అదే బొమ్మ చూపిస్తే, కలహారి ఎడారి సాన్ వేటగాళ్లకు ఆ భ్రమ దాదాపుగా కలగనే లేదు. "మనిషి" అని రాసినచోట నిజానికి ఉన్నది, పరిశోధకుడి విశ్వవిద్యాలయంలో అందుబాటులో ఉన్న విద్యార్థి. 2010లో జోసెఫ్ హెన్రిక్, ఆయన సహచరులు ఈ సంగతే గట్టిగా ఎత్తిచూపి ఆ రంగాన్ని కుదిపేశారు.

*

ప్రశ్న: అన్నీ అర్థం చేసుకోమంటున్నారు. అలా అర్థం చేసుకుంటూ పోతే ఎవరిదీ తప్పు కాదు. ఆడపిల్లలను హింసించే ఆచారాన్ని కూడా 'వాళ్ల సంస్కృతి' అని వదిలేయాలా?
(ఒక న్యాయవాది)

జవాబు: వదిలేయక్కర్లేదు. ఈ ప్రశ్న దగ్గర మా శాస్త్రమే ఒకసారి తడబడింది. 1947లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటన రాస్తుంటే, అమెరికన్ మానవశాస్త్ర సంఘం, ఇది ఒక్క సంస్కృతి కొలతను ప్రపంచం నెత్తిన రుద్దడం అవుతుందేమోనని హెచ్చరిస్తూ ఒక నివేదిక పంపింది. భయం న్యాయమైనదే. కానీ సొంత సమాజంలోనే అణిగిపోయినవాళ్లు ఎవరితో చెప్పుకోవాలన్న దానికి అందులో సరైన జవాబు లేదు. మరుసటి ఏడాది డిసెంబరు 10న ప్రకటన ఆమోదం పొందింది. దాని మొదటి అధికరణంలో 'ఆల్ మెన్' అని ఉన్నదాన్ని 'ఆల్ హ్యూమన్ బీయింగ్స్' అని మార్పించినది భారత ప్రతినిధి హంసా మెహతా. అదంతా ఒకే వైపు నుంచి వచ్చిన గజంబద్ద అనేవాళ్లకు నేను ఈ సంగతి గుర్తు చేస్తుంటాను.

అర్థం చేసుకోవడానికీ ఒప్పుకోవడానికీ తేడా మీ వృత్తిలో రోజూ చూస్తారు. నేరం ఎందుకు చేశాడో తెలుసుకున్నంత మాత్రాన వదిలేయరు కదా. పైగా అర్థం చేసుకుంటేనే మార్చగలం. చైనాలో ఆడపిల్లల పాదాలు విరిచి కట్టే ఆచారం వెయ్యేళ్లకు దగ్గరగా సాగింది. "క్రూరం, అనాగరికం" అన్న మాటలతో అది కదల్లేదు. ఆ కట్లు కట్టింది తల్లులే. కట్టకపోతే పిల్లకు మంచి సంబంధం రాదని భయం. ఒక్క తల్లి మానేస్తే నష్టపోయేది ఆమె కూతురు ఒక్కతే. పందొమ్మిదో శతాబ్దం చివర్లో సంస్కరణ సంఘాలు ఈ ముడినే పట్టుకున్నాయి. మా కూతుళ్ల పాదాలు కట్టం, కట్టిన పాదాల పిల్లను మా కొడుకులకు చేసుకోం అని కుటుంబాలన్నీ కలిసి ప్రమాణం చేశాయి. పెళ్లి భయం పోయింది, దానితో కట్లూ విప్పేశారు. ఆచారం రెండు మూడు తరాల్లో కనుమరుగైంది.

నా మటుకు నేను చూసేది, దెబ్బ ఎవరికి తగులుతోంది, వాళ్లకు వద్దనే వీలుందా అని. వాళ్లనే అడగాలి, వాళ్ల తరఫున మాట్లాడే పెద్దమనుషులను కాదు. పిల్లలకైతే వద్దనే వీలే ఉండదు కనుక అక్కడ నాకు ఆలోచన అక్కర్లేదు. మిగతా చోట్ల తొందరపడకుండా తీర్పు చెబుతాను, చెప్పడం మాత్రం మానను.

*

ప్రశ్న: ఇన్నేళ్లు పాఠాలు చెప్పారు. మీలో ఇది పూర్తిగా పోయిందా మేడమ్?
(మీ పాత విద్యార్థి)

జవాబు: ఎవరివో గాని గట్టివాడివే. పోలేదు.

పోయిన నెలలో రైల్లో వెళుతుంటే ఎదుటి సీటాయన తన భాషలో ఫోన్లో అరుస్తున్నాడు. అరగంట ఊరుకున్నాను. "ఈ భాషవాళ్లంతా ఇంతే, నలుగురిలో ఉన్నామన్న జ్ఞానం ఉండదు" అని మనసులో అనుకున్నాను, పుస్తకంలో తల దూర్చి. ఫోన్ పెట్టేసి ఆయనే నాకు క్షమాపణ చెప్పాడు. అవతల తొంభై ఏళ్ల తల్లి, ఆవిడకు చెవుడు, అరిస్తే గానీ అందదట.

థామస్ పెటిగ్రూ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1979లో ఈ పొరపాటుకే ఒక సిద్ధాంతం కట్టాడు. మనవాడు తప్పు చేస్తే పరిస్థితి అలాంటిది అంటాం, పరాయివాడు చేస్తే వాళ్ల బుద్ధే అంత అంటాం. దాన్ని బల్ల గుద్ది పాతికసార్లు పాఠం చెప్పి ఉంటాను. ఆ సీట్లో నా భాషవాడే కూర్చుని అరిచి ఉంటే, పాపం, సిగ్నల్ అందడం లేదేమో అనుకునేదాన్ని.